పెళ్ళికీ ఆపరేషన్‌కీ మధ్య

ప్రశ్న: నేను ప్రకాశం జిల్లాలో ఒక గ్రామ సమాఖ్యకు లీడర్‌ని. పోయిన నెల మా సంఘంలో ఒకామె కూతురు, 21 ఏళ్ళ పిల్ల, మెడికల్ షాపు నుంచి మాత్రలు తెప్పించుకుని కడుపు పోగొట్టుకుంది. అప్పటికి మూడో నెల. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఎనిమిది నెలలు. పదిహేను రోజులు రక్తం పోతున్నా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బోరింగు దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే అప్పుడు ఆటోలో టౌన్‌కు తీసుకెళ్ళాం. లోపల ముక్కలు ఉండిపోయాయని కడిగి, రెండు ప్యాకెట్లు రక్తం ఎక్కించారు. పిల్ల బతికింది. అప్పట్నుంచి ప్రతి మీటింగ్‌లో ఇదే మాట. ఆ మాత్రలు ఎక్కడా అమ్మకుండా చేయాలని, అసలు అబార్షన్లే జరగకుండా ప్రభుత్వం చట్టం తేవాలని, సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్ గారికి అర్జీ ఇద్దామని మావాళ్ళు అంటున్నారు. మహాపాపం అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. నాకూ సబబే అనిపించింది. కానీ నా కోడలు కూడా రెండుసార్లు ఇలాగే తీయించుకుందని మొన్ననే తెలిసింది. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. అర్జీలో ఏం రాయమంటారు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నా కన్ను ఆ పిల్ల వయసు దగ్గరే ఆగిపోయింది. 21 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఆడవాళ్ళకు 22 ఏళ్ళు నిండాలి. చిన్నబిడ్డకు కూడా కాస్త వయసు రావాలని ఇంట్లో పెద్దవాళ్ళు చూస్తారు. అంటే ఆ పిల్ల తనంతట తాను ఆసుపత్రికి వెళ్ళి ఆపరేషన్ చేయమని అడిగినా, "ఇంకో ఏడాది ఆగి రామ్మా" అనే పంపేవాళ్ళు. ఆ ఏడాది పాటు ఏం చేయాలో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఏడాది గురించే.

అర్జీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పిల్ల. కడుపు పోయిన రెండు వారాలకే మళ్ళీ అండం విడుదల కావచ్చు. బహిష్టు వచ్చేదాకా భయం లేదనుకుంటారు, అది తప్పు. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చి ఎన్నాళ్ళైందో మీరు రాయలేదు. నెల కావస్తుంటే ఇప్పటికే ఆలస్యమైనట్టు. ఈ బుధవారం పిల్లల టీకాల రోజున ఏఎన్ఎం (ఊరి నర్సు) వస్తుంది కదా, మీరే పక్కనుండి మాట్లాడించండి. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది కాబట్టి మళ్ళీ గర్భం రాకుండా ఇప్పటికిప్పుడు గర్భసంచిలో పెట్టే కాపర్ టి (లూప్) కంటే మూడు నెలలకోసారి వేసే సూది గానీ, ఛాయ అనే మాత్ర గానీ ఆమెకు నయం. రెండూ పాలిచ్చే తల్లికి పనికొస్తాయి. డాక్టర్ ఒకసారి చూసి ఏది సరిపోతుందో చెబుతారు. ఐరన్ మాత్రలు కనీసం మూడు నెలలు ఆపకుండా వేసుకోమనండి.

నిజానికి ఈ మాటలు ఆమెకు డిశ్చార్జి రోజునే ఆసుపత్రిలో చెప్పి, సూది వేసో మాత్రలు చేతిలో పెట్టో పంపాలి. మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు కాబట్టి జరగలేదనే అనుకుంటున్నాను. నేను ముప్పై ఏళ్ళు ప్రభుత్వాసుపత్రుల కాన్పుల వార్డుల్లో పనిచేసినదాన్ని. మాకు ఈ లోపం కొత్త కాదు. ఒక ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు, ఇలాగే మాత్రలు మింగి రక్తం పోయి వచ్చిన ఒకామెకు అర్ధరాత్రి గర్భసంచి శుభ్రం చేశాను. మూడోనాడు యాంటిబయాటిక్, ఐరన్ రాసిచ్చి పంపాను. ఆరు నెలలు తిరక్కుండానే ఆమె మళ్ళీ అదే మంచం మీదకు వచ్చింది. ఈసారి కొంగు ముడి విప్పి ఖాళీ మాత్రల అట్ట చూపించింది. నేను కోపంగా "మళ్ళీ ఇదేం పని" అన్నాను. ఆమె తలెత్తి, "రాకుండా ఏం చేయాలో మీరు చెప్పలా గదమ్మా" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు. ఆమె ప్రాణం కాపాడానన్న సంతోషంలో ఆమె అడక్కపోయినా నేను చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండా పంపేశాను. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, ఆ మాట చెప్పకుండా ఎవరికీ డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టలేదు.

ఇక మీ సంఘంవాళ్ళ ప్రశ్న. అబార్షన్లు తగ్గాలని వాళ్ళు కోరుకోవడం న్యాయమే. పాపం అని ఏడ్చినవాళ్ళను కూడా నేను తప్పుపట్టను. ఏ ఆడమనిషీ సరదాకి ఆ పని చేయించుకోదు. నాకు తెలిసి ఆ బల్ల మీద పడుకున్న ప్రతి ఒక్కరూ అసలు ఆ అవసరమే రాకుండా ఉంటే బాగుండుననే అనుకున్నారు. తేడా అంతా ఎలా తగ్గించాలన్న దగ్గరే.

మన దేశంలో 2015లో ఎన్ని అబార్షన్లు జరిగాయో లెక్కగట్టిన పెద్ద అధ్యయనం ఒకటుంది. ఆ ఒక్క ఏడాదే కోటి 56 లక్షలు. అందులో నూటికి 73 ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతో జరిగినవే. అదే ఏడాది దేశంలో వచ్చిన 4 కోట్ల 81 లక్షల గర్భాల్లో సగం దాకా ఆ సమయంలో కోరుకోనివి. ఈ చివరి లెక్క దగ్గర కాస్త ఆగి ఆలోచించమని మీ వాళ్ళకు చెప్పండి. అబార్షన్ అనేది కథలో చివరి పేజీ. కోరుకోని గర్భం వచ్చిన రోజే కథ మొదలైపోయింది. మీరు చివరి పేజీ చించేసినా మొదటి పేజీ అలాగే ఉంటుంది.

నిషేధం పెట్టి చూసిన దేశం లేకపోలేదు. రుమేనియాలో చౌషెస్కూ ప్రభుత్వం 1966లో అబార్షన్‌ను దాదాపు పూర్తిగా నిషేధించింది, గర్భనిరోధక సాధనాలు కూడా దొరక్కుండా చేసింది. మరుసటి ఏడాది పుట్టిన పిల్లల సంఖ్య దాదాపు రెట్టింపైంది. చట్టం గెలిచిందనుకున్నారు. కానీ ఆ తర్వాత ఏటేటా కాన్పులు మళ్ళీ తగ్గుతూ వచ్చాయి. మరి అబార్షన్లు ఆగాయా? లేదు, చీకటి గదుల్లోకి వెళ్ళాయి. 1989 నాటికి గర్భిణుల మరణాల్లో యూరప్ మొత్తానికీ రుమేనియాదే అధ్వాన్నమైన స్థితి. ఆ చావుల్లో ఎక్కువ భాగం దొంగచాటు అబార్షన్ల వల్లే. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం కూలిపోగానే కొత్తవాళ్ళు మొట్టమొదట రద్దు చేసిన చట్టాల్లో ఇదొకటి. మొదట్లో అబార్షన్ల సంఖ్య విపరీతంగా పెరిగింది, ఎందుకంటే వేరే సాధనం ఏదీ వాళ్ళ చేతిలో లేదు. గర్భనిరోధక మాత్రలు, లూప్‌లు అందుబాటులోకి వచ్చాకే ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది.

మనకూ ఆ అనుభవం ఉంది. 1971లో మన దేశంలో అబార్షన్‌ను షరతులతో చట్టబద్ధం చేసింది ఎందుకనుకున్నారు? అంతకుముందు 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ వేసింది నాటు పద్ధతులతో చచ్చిపోతున్న ఆడవాళ్ళను చూసే. మీ సంఘంలో డెబ్బై దాటిన అవ్వలుంటే అడగండి, పుల్లల మాట, వేర్ల మాట వాళ్ళు చెబుతారు. నేను చదువుకునే రోజుల్లో ధనుర్వాతంతో వచ్చిన అలాంటి ఒకామెను చూశాను. ఆమె బతకలేదు. ఈరోజు దొరికే మాత్రలు వాటితో పోలిస్తే ఎంతో మేలైనవి. తొమ్మిది వారాల లోపు, స్కాన్ చేసి, డాక్టర్ చెప్పినట్టు వాడితే నూటికి తొంభై అయిదు మందికి పైగా ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి. మీ పిల్లకు జరిగింది మాత్రల నేరం కాదు. వారాలు దాటిపోయాక, చూసే మనిషి లేకుండా, షాపులో అబ్బాయి చెప్పినట్టు మింగడం వల్ల జరిగింది. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఈ మాత్రలు అసలు పనిచేయవు, ట్యూబు పగిలి ప్రాణం మీదకు వస్తుంది. షాపులో అబ్బాయికి అది ఎలా తెలుస్తుంది? మాత్రలు చీటీ లేకుండా అమ్మకూడదన్న నియమం ఇప్పటికే ఉంది. చీటీ రాసే డాక్టర్ పీహెచ్‌సీలో దొరక్కపోతే ఆ నియమం ఎవరికి ఉపయోగం?

మన పక్కనున్న బంగ్లాదేశ్ సంగతి మీ మీటింగ్‌లో తప్పకుండా చెప్పండి. అక్కడ మత్‌లబ్ అనే ప్రాంతం ఉంది. నదులు, కాలువలు, వరి పొలాలు, మన కోనసీమ లాంటి నేల. 1977లో అక్కడి ఊళ్ళను దాదాపు సగానికి పంచారు. సగం ఊళ్ళలో మామూలు ప్రభుత్వ సేవలే ఉంచారు. మిగతా సగంలో ఆ ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. వాళ్ళు సంచిలో మాత్రలు, కండోమ్‌లు, సూదులు పెట్టుకుని గడపగడపకూ వెళ్ళి, "ఏది పడుతుంది, ఏది పడటం లేదు" అని అడిగేవాళ్ళు. ఒకటి పడకపోతే ఇంకొకటి ఇచ్చేవాళ్ళు. ఏళ్ళు గడిచేకొద్దీ రెండు చోట్లా జనం తక్కువ పిల్లలు చాలనుకున్నారు. ఆ కోరిక పెరిగేకొద్దీ మామూలు సేవలున్న ఊళ్ళలో అబార్షన్లు పెరిగాయి. ఆడవాళ్ళు గడపకు వెళ్ళిన ఊళ్ళలో పెరగలేదు, తక్కువగానే ఉండిపోయాయి. మతం ఒకటే, చట్టం ఒకటే, పేదరికం ఒకటే. తేడా అల్లా ఆ సంచీయే. ఈ ఫలితం 2001లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. అబార్షన్లు తగ్గించడం ఎలా అని ఎవరు అడిగినా నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

ఇప్పుడు మన తెలుగు రాష్ట్రాల్లోకి వద్దాం. మన దగ్గర కుటుంబ నియంత్రణ లేదా అంటే, దేశంలో ముందు వరసలోనే ఉన్నాం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. కానీ ఎలా నియంత్రిస్తున్నారు? ఆంధ్రలో పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. తెలంగాణలో 62 మంది. ఆంధ్రలో మాత్రలు, లూప్, సూది, కండోమ్, మగవాళ్ళ ఆపరేషన్ అన్నీ కలిపినా నూటికి ఇద్దరు ఉండరు. అంటే మన దగ్గర కుటుంబ నియంత్రణకు ఉన్న పేరు ఒక్కటే: ఆపరేషన్. మీ ఊళ్ళో కూడా "ఆమె ఫ్యామిలీ ప్లానింగ్ చేయించుకుంది" అంటే ఆపరేషన్ అయిందనే కదా అర్థం!

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. ఆంధ్రలో 20 నుంచి 24 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్ళైపోయింది. ఇప్పుడు ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పదిహేడేళ్ళకు పెళ్ళి. పాతికేళ్ళ లోపు ఆపరేషన్. మధ్యలో అయిదారేళ్ళు. ఆ అయిదారేళ్ళలో "ఇప్పుడే వద్దు" అనడానికి ఆ పిల్ల చేతిలో ఏమీ లేదు. ఆపరేషన్‌కు ముందు నెల తప్పితే ఇక మిగిలింది మెడికల్ షాపే. మనం బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం ఉండాలని గోడల మీద రాశాం గానీ, ఎడం పాటించే సాధనం ఇంటికి చేర్చలేదు. మీ కోడలి కథ కూడా ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

ఇలా ఎందుకైందంటే, పాత లెక్కల జబ్బు. 1952లోనే ప్రభుత్వపరంగా కుటుంబ నియంత్రణ మొదలుపెట్టిన తొలి దేశం మనది. ఆ తర్వాత అది అంకెల పరుగైపోయింది. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, ఎక్కువ మంది మగవాళ్ళు, చాలామందిని బలవంతంగా. ఆ దెబ్బకు మగవాళ్ళు ఆసుపత్రి వైపు చూడటం మానేశారు. అంకెల భారమంతా ఆడవాళ్ళ మీద పడింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మార్చి నెల వచ్చిందంటే ఏఎన్ఎంల ముఖాల్లో నెత్తురు చుక్క ఉండేది కాదు. టార్గెట్ పూర్తికాకపోతే జీతం ఆపుతారని ఒకామె నా ఎదుటే ఏడ్చింది. ఆపరేషన్‌కు మనిషిని తెస్తే ఒక అంకె పడుతుంది. రోజూ వేసుకునే మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు ఆరు నెలలు వాడించి, కడుపు తిప్పుతోందంటే ధైర్యం చెప్పి, ఇంకోటి మార్పించే ఏఎన్ఎం కష్టం ఏ రిజిస్టర్‌లోనూ కనిపించేది కాదు. 1996లో టార్గెట్లు ఎత్తేశామన్నారు. అలవాటు మాత్రం పోలేదు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా క్యాంపుల్లో 13 మంది ఆడవాళ్ళు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఆపరేషన్ క్యాంపులు మూడేళ్ళలో మానేయమని చెప్పింది. అయినా 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి ఆపరేషన్లు చేశారు, నలుగురు తల్లులు చనిపోయారు. వాళ్ళ పిల్లలంతా చిన్నవాళ్ళు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆపరేషన్ చెడ్డదని నేనడం లేదు. ఇద్దరు చాలనుకున్నాక, శుభ్రంగా, తొందర లేకుండా చేస్తే మంచి పద్ధతే. కానీ అది చివరి మెట్టు. ముందున్న మెట్లు కట్టకుండా చివరి మెట్టు మీదకు దూకమంటున్నాం.

ఆ మెట్లు ఏమిటో మీ సంఘంలో అందరికీ తెలియాలి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అంతర అని మూడు నెలలకోసారి వేసే సూది ఉంది. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో ఎవరికీ కనపడదు, రోజూ గుర్తుపెట్టుకునే పని లేదు. కానీ ఇది వాడేవాళ్ళకు నెలసరి గతి తప్పుతుంది. కొందరికి కొంచెం కొంచెం కనపడుతూ ఉంటుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. ముందే చెప్పకపోతే "చెడు రక్తం లోపలే నిలిచిపోతోంది" అని భయపడి రెండో సూదికి రారు. రక్తం ఎక్కడా నిలవదు, సూది వల్ల సంచి లోపలి పొర పలచగా ఉంటుంది, అందుకే రాలేదు, అంతే. మానేశాక మళ్ళీ గర్భం రావడానికి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. వెంటనే బిడ్డ కావాలనుకునేవాళ్ళకు ఆ సంగతి ముందే చెప్పాలి. ఛాయ అనే మాత్ర మన లక్నో శాస్త్రవేత్తలు కనిపెట్టింది, హార్మోన్లు లేనిది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. నేను బుధవారం, శనివారం అని రోజులు పెట్టుకోమనేదాన్ని, టీకాల రోజులు కాబట్టి అందరికీ గుర్తుంటాయి. ఇక కాపర్ టి, మనవాళ్ళు లూప్ అంటారు. అయిదేళ్ళది ఉంది, పదేళ్ళది ఉంది. తీయించుకున్న నెలలోనే గర్భం రావచ్చు. అది పైకి పాకి గుండెలోకి పోతుందని ఎంతమంది నాతో అన్నారో లెక్కలేదు. గర్భసంచికీ గుండెకూ దారే లేదమ్మా.

కాపర్ టి విషయంలో ఒక్కమాట గట్టిగా చెప్పాలి. కాన్పైన 48 గంటల్లోపు ఆసుపత్రిలోనే వేయవచ్చు. మన దగ్గర ఇప్పుడు కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అంటే ప్రతి తల్లీ ఒక్కసారైనా మన చేతికి అందుతోంది. కానీ అడిగేది ఎప్పుడు? నొప్పులతో బల్ల మీద ఉన్నప్పుడు! అప్పుడు ఆమె దేనికైనా తలూపుతుంది, ఇంటికెళ్ళాక భయపడి తీయించేసుకుంటుంది. చెప్పకుండా వేసేసిన సందర్భాలు కూడా నేను చూశాను. అది ఘోరమైన తప్పు, దానివల్ల ఊరంతా లూప్ అంటేనే పారిపోతుంది. ఏడో నెల చెకప్‌లో, భర్త పక్కనుండగా, బొమ్మ చూపించి, ఆలోచించుకోమని ఇంటికి పంపాలి. ఒప్పుకుంటే కార్డు మీద రాయాలి. అలా ఒప్పుకున్నవాళ్ళు మధ్యలో తీయించుకోరు.

పాలిస్తున్నంత కాలం నెల తప్పదనే నమ్మకం మన పల్లెల్లో బలంగా ఉంది. మీ పిల్ల విషయంలో కూడా అదే జరిగి ఉంటుంది. ఆ మాట కొంతవరకే నిజం. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టకూడదు, నెలసరి మళ్ళీ మొదలు కాకూడదు. ఈ మూడింట్లో ఒకటి తప్పినా ఆ రక్షణ పోయినట్టే. అన్నప్రాశన రోజును గుర్తుగా పెట్టుకోమనండి. బిడ్డ నోట్లో అన్నం ముద్ద పెట్టేలోపే తల్లికి ఏదో ఒక సాధనం అందాలి.

మగవాళ్ళ సంగతి. దేశం మొత్తం మీద భర్త వేసెక్టమీ (మగవాళ్ళ ఆపరేషన్) చేయించుకున్న జంటలు వెయ్యికి మూడు. కుట్టు లేదు, కోత లేదు, పావుగంట పని, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. బరువులెత్తలేడు, బలం పోతుంది అనేవి వట్టి మాటలు. మూడు నెలలు మాత్రం కండోమ్ వాడి, ఆ తర్వాత పరీక్ష చేయించుకోవాలి. మీ ప్రాంతంలో బేల్దారి పనులకు వలస వెళ్ళే మగవాళ్ళు ఎక్కువ. సంక్రాంతికి పది రోజులు వచ్చి వెళ్తారు. మార్చి నెలలో మా ఓపీలో నెల తప్పినవాళ్ళ వరస పెరిగేది. భర్త వచ్చే రైలు దిగకముందే ఇంట్లో సాధనం ఉండాలని నేను ఆశా వర్కర్లకు చెప్పేదాన్ని. డిసెంబరులోనే ఇంటింటికీ పంచమనేదాన్ని.

ఇంకొకటి, మీ వాళ్ళలో ఎవరైనా ఆడపిల్లని తెలిసి తీయించుకుంటున్నారు కాబట్టి అబార్షన్లు ఆపాలంటే, అది వేరే నేరం, దానికి 1994 చట్టం వేరే ఉంది. స్కానింగ్ చేసి లింగం చెప్పేవాళ్ళను పట్టుకోవాలి. మొదటి తొమ్మిది వారాల్లో ఆడో మగో స్కాన్‌లో తెలియదు.

మరి అర్జీ. నేనైతే ఇలా రాస్తాను. మా విలేజ్ క్లినిక్‌లో అంతర సూది, ఛాయ, మాలా-ఎన్, నిరోధ్ ఏ నెలా ఖాళీ కాకూడదు. పోయిన ఏడాది ఏ నెలలో ఏది లేదో మీ ఏఎన్ఎంను అడిగి, ఆ నెలల పేర్లతో సహా రాయండి. "సరిగా ఇవ్వడం లేదు" అని రాస్తే ఫైల్లోకి పోతుంది. "జూన్, జులైలో సూది లేదు, పదకొండు మంది వెనక్కి వెళ్ళారు" అని మీ ఊరి నిజమైన లెక్క రాస్తే సమాధానం చెప్పాల్సి వస్తుంది. కాపర్ టి వేయడం వచ్చిన నర్సు పీహెచ్‌సీలో వారానికి ఒక రోజు తప్పనిసరిగా ఉండాలని, ఆ రోజు ఏదో బోర్డు మీద రాయాలని అడగండి. పీహెచ్‌సీ డాక్టర్‌కు అబార్షన్ సేవల శిక్షణ ఇప్పించమని అడగండి. శిక్షణ పొందిన ఎంబీబీఎస్ డాక్టర్ తొలి నెలల్లో చట్టప్రకారం చేయవచ్చు. అది దొరికితే షాపు దగ్గరకు ఎవరూ పోరు. అబార్షన్‌కు వచ్చిన ప్రతి మనిషినీ తర్వాతి సాధనం గురించి అడక్కుండా పంపకూడదని కూడా రాయండి. కొత్తగా పెళ్ళైన జంటల ఇంటికి మూడు నెలల్లోపు ఆశా వెళ్ళాలని, నెల తప్పిందేమో చూసుకునే కిట్ ఆమె దగ్గర ఎప్పుడూ ఉండాలని రాయండి. అనుమానం వచ్చిన వారంలోనే తెలిస్తే మూడో నెల దాకా రాదు. మాత్రల మీద నిషేధం మాట మాత్రం తీసేయండి.

అర్జీ తీసుకునే అధికారి, "ఇప్పుడు ప్రభుత్వమే ఎక్కువ మంది పిల్లల్ని కనమంటోంది కదమ్మా" అనవచ్చు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే, ఆ నిబంధన వల్ల కడుపు తీయించుకున్నవాళ్ళూ ఉన్నారు. జనాభా తగ్గిపోతోందన్న బెంగ కూడా అబద్ధం కాదు. నా భయమల్లా, ఆ పేరు చెప్పి సూదులు, మాత్రల కొనుగోలు తగ్గించేస్తారేమోనని. నిన్న తగ్గించమని ఒత్తిడి, రేపు పెంచమని ఒత్తిడి, రెండూ అంకెల కోసమే. మూడో బిడ్డ కావాలనుకున్న తల్లికి కూడా మధ్యలో మూడేళ్ళ ఎడం కావాలి. ఎడం లేని కాన్పు తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. ఈ మాట అధికారికి నిదానంగా చెప్పండి.

చట్టం గురించి నాలుగు ముక్కలు, ఎవరైనా మీ ఆడవాళ్ళను భయపెడితే చెప్పడానికి. 18 నిండిన స్త్రీ సంతకం ఒక్కటే చాలు, భర్త సంతకం అడగకూడదు. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 2021 సవరణ ప్రకారం కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు వీలుంది. పెళ్ళి కాని స్త్రీకి కూడా ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. ఆమె పేరు బయటపెట్టిన డాక్టర్‌కు జైలుశిక్ష ఉంది. మాత్రలు వేసుకున్న ఎవరికైనా గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసేలా రెండు గంటలు వరసగా రక్తం పోతే, ఒకరోజు దాటి జ్వరం ఉంటే, దుర్వాసన వస్తే, భుజం నొప్పితో కళ్ళు తిరిగితే, ఏ వేళైనా 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో ఏం మింగిందో దాచకుండా చెప్పాలి. మీ పిల్ల పదిహేను రోజులు దాచింది తిడతారనే. మీటింగ్‌లో పాపం, నేరం అని గట్టిగా మాట్లాడుకుంటే, ఇంకో పిల్ల ఇరవై రోజులు దాస్తుంది. ఇది మీరు లీడర్‌గా ఆలోచించాల్సిన విషయం.

చివరగా మీ కోడలు. ఆమె మీకు చెప్పలేదని మీ మనసు నొచ్చుకున్నట్టుంది. ఆమెకూ చెప్పుకునే మనిషి లేక నొచ్చుకుని ఉంటుందమ్మా. ఎందుకు తీయించుకున్నావని అడగకండి. ఎవరు చెప్పారో కూడా చెప్పకండి. కొడుకు ఇంట్లో లేనప్పుడు, వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు, సంఘంలో ఆ పిల్లకు ఏమైందో చెప్పి, "నాకు ఆ వయసులో ఇవేవీ తెలియలా. ఇప్పుడు సూది ఉందంట, ఛాయ మాత్రలు ఉన్నాయంట. నీకు కావాలంటే నేను తోడొస్తా" అనండి. ఆమె ఆ రోజు మాట్లాడకపోవచ్చు. వారం తర్వాత మాట్లాడవచ్చు. బుధవారం ఆ పిల్లను ఏఎన్ఎం దగ్గరకు తీసుకెళ్ళేటప్పుడు, తోడు రమ్మని కోడలిని కూడా పిలవండి.